చోటు లేదని కేలు మోడ్చి: ఒక విమాన పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాకినాడకు రేవుంది, రెండు రైలు స్టేషన్లున్నాయి, గాలిలోకి లేవడానికి మాత్రం సొంత చోటు లేదు. విమానమెక్కదలచిన పుణ్యాత్ముడు సామర్లకోట, పెద్దాపురం మీదుగా ఏడీబీ రోడ్డు పట్టి రాజానగరం చేరి, అక్కడినుంచి మధురపూడి విమానాశ్రయానికి పోవాలి. అరవై కిలోమీటర్లకు పైమాటే. చీకటితో లేచి, కాజాల పెట్టె ఒళ్లో పెట్టుకుని, లారీల వెనక నలిగి, ఎలాగో వేళకు చేరినవాడితో కౌంటరులో “ఫ్లైట్ ఫుల్ అయిపోయిందండి” అంటే అతగాడి గతేమిటి? చేతిలో టికెట్టుంది, దాని మీద పేరుంది, పేరు పక్కన ‘కన్‌ఫర్మ్‌డ్’ అనీ ఉంది. లేనిదల్లా కుర్చీ.

ఈ ధర్మసందేహం తీర్చడానికి వ్యాఖ్యాత తానే ఒక తేటగీతి అల్లుకున్నాడు. తన పద్యానికి తానే టీకా రాసుకోవడం ఆత్మస్తుతి అని ఎవరైనా అంటే, ఈ విషయం మీద రాయడానికి మరే పండితుడూ తీరిక చేసుకోలేదని జవాబు.

మూలము

సీటులకు మించి ముందుగాఁ జీటులమ్మి
గేటు దరిఁ జోటు లేదని కేలు మోడ్చి
మెచ్చి దిగువారి నడుగక మెడను బట్టి
తోసిరేని నీ పైకము దొరకవలయు

ప్రతిపదార్థము

సీటులకు మించి = విమానంలో బిగించి ఉన్న కుర్చీల లెక్క దాటి; ముందుగాన్ = ప్రయాణానికి వారాలు, నెలల ముందే; చీటులు అమ్మి = టికెట్లకు సొమ్ము పుచ్చుకుని; గేటు దరిన్ = ఇక వెనక్కి తిరిగే వీల్లేని చోట; చోటు లేదని = కుర్చీ లేదని చెప్పి; కేలు మోడ్చి = చేతులు జోడించి; మెచ్చి దిగువారిన్ = తమ ఇష్టంతో సీటు వదులుకునేవారిని; అడుగక = ‘మీలో ఎవరైనా ఆగుతారా’ అని ముందుగా విచారించక; మెడను పట్టి = ఇష్టం లేనివాణ్ణి; తోసిరేని = ఎక్కనివ్వకపోతే; నీ పైకము = నీకు చెందవలసిన డబ్బు; దొరకవలయు = నీ చేతికి రావాలి.

ఛందస్సు: తేటగీతి. సీ–జీ, గే–కే, మె–మె, తో–దొ యతులు. పాదానికి ఐదే గణాలు. ఆరో గణానికి ముందుగా చీటీ అమ్ముకున్న కవి తెలుగులో లేడు.

విశేషాంశాలు

‘సీటులకు మించి’: శంక. లేని కుర్చీని అమ్మడం మోసం కాదా? సమాధానం. వ్యాపారులు దీన్ని లెక్క అంటారు. టికెట్టు కొన్న ప్రతివాడూ రాడు. జ్వరం వచ్చినవాడు, మీటింగు వాయిదా పడినవాడు, రాజానగరం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడు ఎగ్గొడతారు. 78 సీట్ల ఏటీఆర్ విమానంలో ముగ్గురు రారని పాత అనుభవం చెబితే, 81 టికెట్లు అమ్మాలని బుద్ధి పుడుతుంది. ముగ్గురూ రాకపోతే అందరికీ సుఖం. ఆ రోజు అందరికీ ఆరోగ్యం బాగుంటేనే చిక్కు. మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, ఎక్కువ టికెట్లు అమ్మడాన్ని నిషేధించలేదు. అమ్మినందువల్ల ఒకడు నేలమీద మిగిలిపోతే ఏం చేయాలో నిర్దేశించింది.

పునఃశంక. రైలు మాత్రం సీట్లకు మించి అమ్మడం లేదా? అమ్ముతుంది, కానీ చెప్పి అమ్ముతుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి పండగ రోజుల్లో టికెట్టు కొన్నవాడికి తనది ఆర్‌ఏసీయో, వెయిటింగ్ లిస్టో, అందులో ఎన్నో నంబరో చీటీ మీదే కనిపిస్తుంది. ఆర్‌ఏసీ వాళ్లిద్దరూ ఒకే సైడ్ బెర్తు మీద చెరో అంచునా కూర్చుని తెల్లారేసరికి ఆప్తమిత్రులవుతారు. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే మిగిలిన ఈ-టికెట్టు దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. విమానంలో అందరి చీటీ మీదా ఒకే మాట. ఆ మాట ఎవరి విషయంలో అబద్ధమో గేటు దగ్గర గానీ తేలదు.

ఇదే తగువు అమెరికాలో సుప్రీం కోర్టుదాకా పోయింది. వినియోగదారుల ఉద్యమ నాయకుడు రాల్ఫ్ నాడర్‌ను 1972 ఏప్రిల్‌లో అలెగెనీ ఎయిర్‌లైన్స్ ఇలాగే దింపేసింది. కన్‌ఫర్మ్ టికెట్లు ఎక్కువ అమ్ముతున్న సంగతి ప్రయాణికులకు చెప్పకుండా దాచినందుకు దావా వేయవచ్చని 1976లో కోర్టు తేల్చింది. అమ్మకం మాట అటుంచి, దాచడమే అక్కడ కూడా తగువైంది.

‘గేటు దరి’: సప్తమీ విభక్తి కాలాన్నీ చెబుతుందని గ్రహించాలి. నిర్ణీత వేళకు ముందే హాజరైనవాడికే ఈ పద్యం వర్తిస్తుంది. కౌంటరు మూశాక చేరినవాడికి పద్యం లేదు, గద్యమూ లేదు. కాబట్టి కాకినాడవాళ్లు ఏడీబీ రోడ్డును నమ్మి బయల్దేరడం శాస్త్రసమ్మతం కాదు. క్యూలో నిలబడ్డ వేళను తెలిపే ఫోటో ఒకటి ఉంటే, తర్వాత రాబోయే పాఠభేదాల చర్చలో అక్కరకొస్తుంది.

‘కేలు మోడ్చి’: ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. గోదావరి జిల్లాలవాడి ఎదట ఎవరైనా చెయ్యి జోడిస్తే చాలు, ప్రాణం ఆగదు. “ఆయ్, మీరేం చేస్తారండీ పాపం, పైవాళ్లు చెప్పినట్టు చెయ్యాలి కదండీ” అని ఎదురు ఓదార్చి, వాళ్లిచ్చిన మంచినీళ్ల సీసా పుచ్చుకుని, గోడవారగా కూలబడతాడు. సంస్కారమే, కాదనలేం. అయితే డీజీసీఏ నిబంధన మొత్తం గాలించినా నమస్కారానికి ఇంత వెల అని ఎక్కడా లేదు. పరిహారం రూపాయల్లో చెప్పారు, చేతుల్లో చెప్పలేదు. పైగా, కౌంటరులోని అమ్మాయి ఆ అదనపు టికెట్లు అమ్మలేదు. ఆమె మీద అరిచేవాడూ, ఆమెను చూసి కరిగిపోయి హక్కు వదులుకునేవాడూ ఒకే పొరపాటు చేస్తున్నారు: ఇద్దరూ అమ్మాయిని కంపెనీ అనుకుంటున్నారు. ఆమెకు ప్రతినమస్కారం, కంపెనీకి చీటీ. ఇదే సరైన అన్వయం.

‘మెచ్చి దిగువారి నడుగక’: నిబంధనలోని మొదటి మెట్టు. వచ్చినవాళ్లు కుర్చీలకంటే ఎక్కువైతే, ‘ఆగడానికి ఇష్టమున్నవారు ఎవరు’ అని విమాన సంస్థ ముందు అడగాలి. అక్కడి ఏర్పాట్లు అనుమతించినంతవరకు అన్న తోక ఒకటుంది, అయినా వరస మాత్రం ఇదే. ఆగినవారికి ఏమిస్తామన్నది సంస్థ ఇష్టం, పుచ్చుకోవడం మానడం ప్రయాణికుడి ఇష్టం. దీన్ని వేలంపాటలా నడపాలని జూలియన్ సైమన్ అనే అర్థశాస్త్రవేత్త 1968లోనే రాస్తే నవ్వారు. పదేళ్లు తిరిగేసరికి, ముందు ఇష్టపడేవాళ్లను అడగాలన్నది అమెరికాలో నియమమైంది. తొందర లేనివాడు డబ్బు తీసుకుని ఆగుతాడు, తొందరున్నవాడు వెళ్తాడు. ఎవరి మెడా నొప్పెట్టదు.

ఇక్కడొక సూక్ష్మం. ఇష్టపడి ఆగినవాడికి కింద చెప్పబోయే పరిహారం లెక్కలు వర్తించవు. అతను ఒప్పుకున్నదే అతని బేరం. కాబట్టి “కొంచెం అడ్జస్ట్ అవుతారా సార్” అన్నప్పుడు, అలవాటు కొద్దీ “అలాగేనండి” అంటే, ఆ ఒక్క మాటతో మీరు ‘మెచ్చి దిగువారి’ జాబితాలోకి జారిపోయే ప్రమాదముంది. ఏమిస్తారో విని, కాగితం మీద చూసి, అప్పుడు అలాగేననాలి. వద్దనుకుంటే “నా ఇష్టంతో ఆగడం లేదండి” అని నలుగురూ వినేలా, మర్యాదగానే చెప్పాలి.

‘మెడను బట్టి’: అతిశయోక్తి అనుకునేవారికి ఒక దృష్టాంతం. 2017 ఏప్రిల్ 9న షికాగోలో, లూయీవిల్ వెళ్లే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానంలో అందరూ ఎక్కి కూర్చున్నాక, తమ సిబ్బందికి 4 సీట్లు కావాలన్నారు. పాట 800 డాలర్ల దాకా పోయింది, ఎవరూ లేవలేదు. అక్కడితో పాట ఆపి, నలుగురిని ఎంపిక చేశారు. అందులో లేవనన్న 69 ఏళ్ల వైద్యుణ్ణి భద్రతాధికారులు నడవాలో ఈడ్చుకుపోయారు. ముక్కు విరిగింది, రెండు పళ్లు రాలాయి. ప్రపంచమంతా ఆ వీడియో చూశాక అదే సంస్థ, అవసరమైతే 10,000 డాలర్ల దాకా ఇస్తామని ప్రకటించింది. పాట ఇంకొంచెం పాడి ఉంటే పళ్లు మిగిలేవి.

శంక. జోడించిన చేతులతోనే మెడ ఎలా పడతారు? సమాధానం. ఇది విరోధాభాసాలంకారం. జోడించేవి కౌంటరు చేతులు, పట్టేవి కంపెనీ చేతులు. కర్త వేరు కావడంతో విరోధం తీరింది.

‘నీ పైకము’: శ్లేష. టికెట్టు డబ్బు ఒక అర్థం, పరిహారం రెండో అర్థం. కౌంటరులో మొదటి అర్థమే చెప్పి రెండోది మరుగుపరచడం కద్దు. డీజీసీఏ నిబంధనావళి మూడో సెక్షన్, ‘ఎం’ సిరీస్, నాలుగో భాగం ప్రకారం అర్థం ఇలా విప్పాలి. అసలు బయల్దేరవలసిన వేళ నుంచి గంటలోపు బయల్దేరే మరో విమానంలో ఎక్కిస్తే పరిహారం లేదు. గంట దాటి 24 గంటల్లోపు పంపితే, ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తానికి 200 శాతం, గరిష్ఠం 10,000 రూపాయలు. 24 గంటలు దాటితే 400 శాతం, గరిష్ఠం 20,000. ‘మీ రెండో విమానమూ వద్దు’ అంటే టికెట్టు పూర్తి డబ్బుతోపాటు 400 శాతం, గరిష్ఠం 20,000. అంటే, మూల ఛార్జీ ఇంధనంతో కలిపి 3,000 అయితే వరసగా 6,000, 12,000. పన్నులూ విమానాశ్రయ రుసుములూ ఈ లెక్కలోకి రావు. ఒళ్లోని కాజాలూ రావు.

‘గంటలోపు’ అన్న మినహాయింపు పెద్ద ఊళ్ల కోసం పుట్టినట్టుంటుంది. ఢిల్లీ, ముంబైలలో గంటలో మరో విమానం దొరకవచ్చు. మధురపూడి లాంటి చోట, అదే ఊరికి పోయే తర్వాతి విమానం గంటలోపే ఉండటం అరుదు. కాబట్టి మనవాళ్లకు పరిహారం రాకపోవడమే అరుదు కావాలి.

పాఠాంతరాలు

ఈ నిబంధన 2010 ఆగస్టులో అమల్లోకి వచ్చినప్పుడు గరిష్ఠం 4,000 రూపాయలే. 2016 ఆగస్టు 1 నుంచి ఇప్పటి పాఠం. ఇవి అధికారిక ప్రతులు.

కౌంటరు ప్రతులు వేరు. ‘చోటు లేదని’ అన్నచోట కొందరు ‘ఆపరేషనల్ కారణాలని’ చదువుతారు. మరికొందరు ‘మీరు లేటని’ చదువుతారు. మొదటి పాఠం వింటే ఏదో దైవఘటన అనిపిస్తుంది. రెండోది వింటే తప్పు మనదే అనిపిస్తుంది. రెంటిలోనూ యతి చెడుతుంది, పరిహారమూ చెడుతుంది. 2024 సెప్టెంబరులో బెంగళూరు నుంచి పుణె వెళ్లే ఆకాశ ఎయిర్ విమానం మారింది. మారిన విమానంలో కొన్ని సీట్లు పనికిరాకపోవడంతో ఏడుగురు మిగిలిపోయారు. వారిని మరో సంస్థ విమానంలో పంపారు గానీ అది గంట దాటాక బయల్దేరింది. పరిహారం ఇవ్వలేదు. ఇది ప్రవేశ నిరాకరణే అని డీజీసీఏ 10 లక్షల జరిమానా వేసింది. సీటు అమ్ముడుపోయి లేకపోయినా, విరిగిపోయి లేకపోయినా, లేకపోవడం ఒకటే అని దీనివల్ల తెలుస్తోంది. పాఠ నిర్ణయానికి సాక్ష్యం కావాలి: ఎందుకు ఎక్కనివ్వలేదో రాసిచ్చిన కాగితం, బోర్డింగ్ పాస్ ఇచ్చి ఉంటే అది, వేళ తెలిపే ఫోటో.

‘దొరకవలయు’: విధ్యర్థకం. ‘దొరుకును’ అనకపోవడానికి కారణముంది. బెంగళూరు, హైదరాబాదు, ఢిల్లీ విమానాశ్రయాల్లో తనిఖీలు చేసి, పరిహారం ఇవ్వడం లేదని తేల్చి, 2022 జూన్‌లో డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 10 లక్షల జరిమానా వేసింది. రాజధానుల్లోనే అడిగితేగాని కదలనిది, అడగనివాడికి ఇంటికొస్తుందని ఆశించరాదు. జరిమానా సర్కారు ఖజానాకు పోతుంది; నేలమీద మిగిలినవాడి పైకము అతనే వసూలు చేసుకోవాలి.

వసూలుకు దారి: ముందు సంస్థకు రాయడం, తర్వాత పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవలో ఫిర్యాదు, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను. అప్పటికీ ఉలకకపోతే వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ఇక్కడ మనకు గొప్ప మేలు చేసింది: సంస్థ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. కాకినాడవాసి కాకినాడ కమిషన్‌లోనే వేసుకోవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. విమానం మనల్ని ఎక్కించుకోకపోయినా, విమాన సంస్థ మన ఊరికి రాక తప్పదు.

తాత్పర్యము

ఓ ప్రయాణికుడా! కుర్చీలకు మించి టికెట్లమ్మడం వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పిన రోజున ముందు ఇష్టపడినవాళ్లను అడగడం వాళ్ల విధి. అడిగినా ఎవరూ ఆగకపోతే, ఇష్టంలేకుండా ఆపిన నీకు గంట దాటాక డబ్బివ్వడం కూడా వాళ్ల విధే. ఇందులో దయ ఏమీ లేదు, కాబట్టి నువ్వు మొహమాటపడవలసినదీ లేదు.

ఫలశ్రుతి

ఈ టీకాను ప్రయాణానికి ముందు చదివినవాడు కౌంటరు దగ్గర గొంతు పెంచడు, తల దించడు. నవ్వు మొహంతో “నన్ను ఎందుకు ఎక్కనివ్వడం లేదో కాస్త రాసిస్తారాండీ?” అని అడుగుతాడు. ఆ ఒక్క వాక్యం విన్నాక, అంతవరకూ నిండిపోయిన విమానంలో ఒక్కోసారి హఠాత్తుగా సీటొకటి పుడుతుంది. పుడితే ఎక్కి కూర్చుంటాడు. పుట్టకపోతే, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు.