పుట్టినరోజు నాటి ఆకలి

సికింద్రాబాద్‌లో ఆకలి తిథీ వారమూ చూసుకుని వస్తుంది. నాయకుల పుట్టినరోజులకూ పెద్దల వర్ధంతులకూ మరీ విజృంభిస్తుంది. ఆ రోజు గాంధీ ఆసుపత్రి గేటు దగ్గర పులిహోర పొట్లాలు తినేవాళ్లకంటే ఎక్కువ. తెల్లారితే మామూలు మంగళవారం. ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు, కాబట్టి ఎవరికీ ఆకలి వెయ్యకూడదు.

దానం జరిగే తీరు చూసి తీరాలి. వ్యాన్‌లోంచి ముందు ఫ్లెక్సీ దిగుతుంది, తర్వాత గంగాళం. ఫ్లెక్సీ కట్టే తాడు దొరికేదాకా మూత తియ్యరు. పొట్లాన్ని అందుకునే చెయ్యి పట్టుకుంటుంది, ఇచ్చే చెయ్యి వదలదు. "పెద్దమ్మా, ఇటు చూడు!" పెద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. ఆవిడ బిచ్చగత్తె కాదు. కొడుకు ఆపరేషన్ కోసం జిల్లా నుంచి వచ్చి, వారంగా వార్డు బయట చాప మీద పడుకుంటోంది. ఈ ఫోటో వియ్యాలవారి వాట్సాప్ దాకా వెళ్తే ఏం కావాలి? "కొంగు తియ్యమ్మా, మొహం పడట్లేదు" అంటాడు ఫోన్ పట్టుకున్న కుర్రాడు.

ఇక పెళ్లివారి ఔదార్యం. రాత్రి పన్నెండింటికి ఫంక్షన్ హాలు నుంచి ఫోను: బిర్యానీ మిగిలింది, పేదలకు పంచండి. మధ్యాహ్నం వండింది. వాళ్ల పిల్లలకు ఆ వేళప్పుడు పెట్టరు, కడుపు చెడుతుందని. పేదవాడి కడుపుకు ఆ బెంగ లేదు కాబోలు.

రేషన్ ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. ఉంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం. మంచి పనే. కానీ ఆసుపత్రి వరండాలో పొయ్యెక్కడ పెట్టుకోవాలి స్వామీ?

దీనికి చప్పటి జవాబొకటి నగరంలో 2014 నుంచే ఉంది. జీహెచ్‌ఎంసీ అయిదు రూపాయల భోజనం. హరేకృష్ణ సంస్థ వండి పంపుతుంది, మిగతా ఖర్చు కార్పొరేషన్ భరిస్తుంది. నిన్నమొన్నటిదాకా అన్నపూర్ణ, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్ అయింది. (పేరు మార్చినందుకు సాంబారేమీ చిక్కబడదు గానీ, అదే ఏడాది టిఫిన్ కూడా మొదలుపెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి.) అయిదు రూపాయలు ఇచ్చిన ఆటో డ్రైవరు ధీమాగా అడుగుతాడు: "అన్నా, సాంబార్ ఇంకొంచెం పొయ్." పొట్లం అందుకున్న పెద్దమ్మ అదే మాట అంటే ఎంత ఆశో చూడండి అంటాం. వడ్డించేవాడు మనవాడు కాకపోయినా నడిచే బంతి ఇది. అందుకే దాతలకు నచ్చదు. ఇక్కడ ఫ్లెక్సీ ఎవరిది కట్టాలి?

అజర్ మక్సూసీ అనే ఆయన 2012 నుంచి డబీర్‌పురా ఫ్లైఓవర్ కింద వడ్డిస్తున్నారు, తర్వాత గాంధీ ఆసుపత్రి దగ్గరా మొదలుపెట్టారు. రోజూ! మన దాతలకు ఇది అర్థం కాదు. రోజూ పెట్టడమేమిటి, ఏ సందర్భం పెట్టుకుని?

సరే, పుట్టినరోజులు మానుకోమంటే వినేవాళ్లు కాదు. కనీసం వేళ మార్చండి. ఇందిరమ్మ క్యాంటీన్ పొద్దున, మధ్యాహ్నం తప్ప రాత్రి ఉండదు. రాత్రి తొమ్మిదికి గాంధీ గేటు దగ్గర పోటీ కూడా తక్కువ. చీకట్లో ఫోటో ఎలాగంటారా? ఫోన్‌లో ఫ్లాష్ ఉంటుందిగా.