మావోడు ప్రిపేర్ అవుతున్నాడు

నడికుడి జంక్షన్‌లో దిగి మాచర్ల బండి కోసం కాచుకునేవాళ్లకు ఓ కుర్రాడు కనపడి తీరతాడు. ఇరవై రెండు దాటాయి, ముప్పై ఇంకా రాలేదు. చంకలో కరెంట్ అఫైర్స్ పుస్తకం, అదీ మూడు నెలల కిందటిది. బీటెక్ పాసయ్యాడు. ఏ సంవత్సరమని అడిగితే బండి ఎంత లేటో చెబుతాడు. ఖాళీగా ఉన్నాడంటే వాళ్లమ్మ ఒప్పుకోదు. "ఖాళీ ఏంది వదినా, మావోడు ప్రిపేర్ అవుతున్నాడు" అంటుంది. దేనికని అడగటం మర్యాద కాదు. బ్యాంకా, రైల్వేనా, గ్రూప్సా, ఎస్సై ఉద్యోగమా అన్నది అతని చేతిలో లేదు. ఏ నోటిఫికేషన్ ముందొస్తే దానికే.

పొద్దున లేవగానే మొహం కడగడానికి ముందే ఫోన్ చూస్తాడు. ఎనిమిది జాబ్ గ్రూపులు, ఎనిమిదింటిలోనూ ఒకటే వార్త: "త్వరలో భారీ నోటిఫికేషన్." ఈ 'త్వరలో' ఎంత పొడుగో అతనికి తెలుసు, అయినా తొమ్మిదో గ్రూపులో చేరతాడు. అక్కడ మాత్రం 'అతి త్వరలో' అని ఉంటుంది.

తండ్రిది మిరప సాగు. రేటు పడిపోయిన ఏడాది కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, గుంటూరు యార్డులో ధర లేచేదాకా ఓపిక పడతాడు. కొడుకు బీటెక్‌ని కూడా ఆయన అదే పద్ధతిలో నిలవ పెట్టాడు. తేడా ఏంటంటే మిరపకాయ మూడు పూటలా అన్నం తినదు. ఈ లెక్క ఆయన పైకి అనడు గానీ, కోచింగ్ ఫీజు కట్టిన రోజున కంచం ముందు కాస్త ఎక్కువసేపు మౌనంగా కూర్చుంటాడు.

అప్లికేషన్ నింపడం మనవాడికి వెన్నతో పెట్టిన విద్య. ఒక్క గడి దగ్గరే ఆగుతాడు: సొంత జిల్లా. పదో తరగతి చదివింది గుంటూరు జిల్లాలో. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది. ఇల్లు కదల్లేదు, జిల్లా మారింది. నేటివిటీ, ఆదాయం, కులం కాగితాలన్నీ మళ్లీ కొత్తగా తీయించాలి. వాటికోసం సచివాలయానికి వెళితే, కుర్చీలో తనకంటే రెండేళ్లు జూనియర్ అయిన పక్కవీధి అమ్మాయి ఉంటుంది. "కూర్చో అన్నయ్యా, సర్వర్ డౌన్‌లో ఉంది" అంటుంది. ఆ 'అన్నయ్యా'లో ఉన్న గౌరవమే అతనికి గుచ్చుకుంటుంది.

ఆ అమ్మాయి కథ వేరు. 2019 జులైలో గ్రామ, వార్డు సచివాలయాల నోటిఫికేషన్ వచ్చింది. లక్షా ఇరవై వేలకు పైగా పోస్టులు, ఇరవై లక్షలకు పైగా దరఖాస్తులు. సెప్టెంబరులో పరీక్ష, అక్టోబరు 2 నుంచి సచివాలయాలు మొదలు. ప్రభుత్వోద్యోగం మూడు నెలల్లో రావడం పల్నాడులో ఎవరూ చూసెరగరు. ప్రొబేషన్‌లో జీతం పదిహేను వేలేనని మనవాడు అప్పట్లో నవ్వాడు. "పదిహేను వేలకు బీటెక్ ఎందుకు?" అన్నది అతను చెప్పిన మాటల్లో ఇంట్లోవాళ్లు మరవనిది.

రైల్వే అంటే మాత్రం అతనికి సొంత వ్యవహారం. బీబీనగర్ నుంచి వచ్చే లైనూ, గుంటూరు, మాచర్ల లైన్లూ కలిసే ఊళ్లో పుట్టాడు. బండ్ల నంబర్లు ఎక్కాల కంటే ముందు వచ్చాయి. అందుకే 2019లో రైల్వే బోర్డు వరసగా రెండు నోటిఫికేషన్లు వదిలితే రెండింటికీ కట్టాడు. ఎన్టీపీసీ పోస్టులు 35 వేల పైచిలుకు, దరఖాస్తులు కోటీ పాతిక లక్షలు. గ్రూప్-డీ పోస్టులు 1,03,769, దరఖాస్తులు కోటికి పైనే. పదో తరగతి చాలన్న గ్రూప్-డీకి బీటెక్ వాడు ఎందుకని ఎవరూ అడగలేదు. పక్కింటి ఎమ్మెస్సీ కూడా కట్టాడు కాబట్టి.

మార్చిలో కట్టిన గ్రూప్-డీకి పరీక్ష ఎప్పుడు మొదలైందంటారు? 2022 ఆగస్టులో. ఈలోపు కరోనా వచ్చి పోయింది. ఫీజు కట్టిన ఏడాది ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు మూడో సంవత్సరం ముగించారు. మన ఊరి పేరుతో 2011-12 బడ్జెట్‌లో మంజూరైన నడికుడి-శ్రీకాళహస్తి లైను కూడా అంతో ఇంతో ముందుకు కదిలింది. ఆ లైనుది ఇంకో విచిత్రం. పేరు నడికుడిది, పట్టాలు విడిపోయేది కొత్త పిడుగురాళ్ల దగ్గర. "ఊరికే అంత, మనకెంత?" అని మనవాడు సమాధానపడతాడు.

రైల్వే పరీక్షలో అందరికీ తెలియని ఆకర్షణ ఒకటుంది. జనరల్ అభ్యర్థికి ఫీజు అయిదు వందలు. పరీక్షకు హాజరైతే బ్యాంకు ఖర్చులు పట్టుకుని నాలుగు వందలు తిరిగిస్తారు. సిలబస్ ముట్టకపోయినా సెంటర్‌కు పోవడానికి ఇంతకన్నా ప్రోత్సాహం అక్కర్లేదు. సెంటర్ ఎక్కడో రాజమండ్రిలో పడుతుంది. రానూపోనూ బస్సు, టిఫిను, లాడ్జి కలిపి పదిహేను వందలవుతాయి. అయినా నాలుగు వందలు వదులుకోకూడదు. పొదుపు విషయంలో మనవాడు మహా గట్టి.

గ్రూప్-2 వ్యవహారం పల్నాటి వీరచరిత్రతో పోల్చదగ్గది. కోడిపోరులో ఓడినవాళ్లకు ఏడేళ్ల వనవాసం పడిందని కథ. గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 డిసెంబరు చివర్లో ఒకటి వచ్చింది, తర్వాతది 2023 డిసెంబరులో. అయిదేళ్లు. నాగమ్మ పెట్టిన గడువు కంటే రెండేళ్లు తక్కువేనని ఊరట పొందాలి. ఆ రెండోదానికి 2024 ఫిబ్రవరిలో ప్రిలిమ్స్ అయింది. మెయిన్స్ వాయిదాల మీద వాయిదాలు పడి 2025 ఫిబ్రవరి 23న జరిగింది, అదీ ముందురోజు దాకా ఉంటుందో ఊడుతుందో తెలియక రోడ్ల మీద ఆందోళనలు చేశాక. గ్రూప్స్‌కు వయోపరిమితి 42 అని తెలిసిన నాడు మనవాడు కుదుటపడ్డాడు. తండ్రి కుదేలయ్యాడు.

ఇక బాబాయిలు. ప్రతి వీధి అరుగు మీదా ఒక బాబాయి ఉంటాడు, 'అప్పట్లో' టైపు లోయరు పాసై ఉద్యోగం కొట్టినవాడు. "ఏందిరా అబ్బాయా, డీఎస్సీలో పదహారు వేల పోస్టులు వదిలారంటగా, నువ్వెందుకు కట్టలా?" అంటాడు. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చిన మాట నిజమే, సెప్టెంబరుకల్లా నియామక పత్రాలు కూడా ఇచ్చారు. "దానికి బీఈడీ కావాలి బాబాయ్" అంటే, "అదేదో ముందే చేసుండాల్సింది" అంటాడు. ముందే ఏమన్నాడంటే, "ఇంజనీరింగ్‌లో చేరరా, ఆస్ట్రేలియా పోవచ్చు" అన్నాడు.

ఊళ్లో పనులు లేవా అంటే ఉన్నాయి. పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు, కొండంత సున్నపురాయి, దాన్ని నమ్ముకున్న సిమెంటు ఫ్యాక్టరీలు. మాచర్లలో కేసీపీ సిమెంటు 1958 నాటిది. అయితే మనవాడు చదివింది కంప్యూటర్ సైన్స్. ఎప్పుడో కౌన్సెలింగ్‌లో పక్కవాడు ఏది పెడితే అది పెట్టాడు. బట్టీకి కోడింగ్ అక్కర్లేదు.

అందుకని ఓ రోజు పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ పోతాడు. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర హాస్టల్, ఒక గదిలో ఆరుగురు, ఆరుగురికీ ఒకే రెజ్యూమె. పేరూ ఫోన్ నంబరూ మారతాయంతే. ఆబ్జెక్టివ్ దగ్గర అందరూ 'ఛాలెంజింగ్ పొజిషన్' కోరతారు. వీక్‌నెస్ దగ్గర 'అందర్నీ నమ్మేస్తాను' అని రాస్తారు. అది నిజమేనని డబ్బు కట్టించుకుని మాయమైన కన్సల్టెన్సీ రుజువు చేస్తుంది. ఇంటర్వ్యూలో ఫ్రెషర్‌ని పట్టుకుని అనుభవం ఎంత అని అడుగుతారు. అనుభవమంతా ఇంటర్వ్యూలదే.

క్యాంపస్‌లో సెలెక్టయినవాళ్ల పని సుఖమనుకోకండి. ఇన్ఫోసిస్ 2022లో ఎంపిక చేసినవాళ్లలో రెండు వేలమంది దాకా చేరే తేదీ కోసం 2024 వరకు చూశారు. 2025 ఫిబ్రవరిలో పరీక్ష గట్టెక్కలేదని మైసూరు నుంచి మూడు వందలమందికి పైగా ట్రెయినీలను పంపేశారు. వాళ్ల వార్త చదివినప్పుడు మనవాడి మొహంలో సానుభూతితో పాటు ఇంకేదో కూడా కనపడింది. మంచివాడే గానీ మనిషే కదా.

ఎట్టకేలకు దొరుకుతుంది. పదహారు వేల జీతం, రాత్రి షిఫ్టు, ఎవరో అమెరికావాడి కరెంటు బిల్లు గొడవ ఇతను తీర్చాలి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మెడలో ఐడీ కార్డు తీయడు. వాళ్లమ్మ "సాఫ్ట్‌వేరు" అంటుంది, అతను సరిదిద్దడు. పదిహేను వేల సచివాలయం మాట ఎవరూ ఎత్తరు. ఎత్తినా పదహారు ఎక్కువే కదా. అరుగు మీద కొత్తగా పాసైన కుర్రాడికి అప్పుడే సలహా కూడా చెబుతున్నాడు: "ముందు కమ్యూనికేషన్ స్కిల్స్ చూసుకోరా తమ్ముడూ."

ఆ నెలలోనే గ్రూప్-డీకి మళ్లీ కట్టాడు, ఈసారి పోస్టులు 32,438.

కాబట్టి పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల వైపు సంబంధాలు చూసే ఆడపెళ్లివారికి ఒక మనవి. అబ్బాయి ఇన్నేళ్లు ఏం చేశాడని అడిగే ముందు, అతను కట్టిన పరీక్షల తేదీలు ఒకసారి తిరగేయండి. అతను ఆలస్యం చేసింది కొంచెమే.