స్వచ్ఛందంగా, సంతోషంగా, వేలిముద్రతో

జోల్వా కార్మికుడంత త్యాగశీలి భూమ్మీద ఇంకెక్కడా పుట్టడు. నమ్మకపోతే సూరత్ నగరం దాటి, కడోదరా చౌరస్తా మీదుగా, పల్సాణా తాలూకాలోని ఈ మిల్లుల ఊరికి వచ్చి పాత ఫైళ్ల దుమ్ము దులిపి చూడండి. పదేళ్లపాటు రోజుకు పన్నెండు గంటలు మగ్గం ముందు నిలబడ్డ మనిషి, సేఠ్‌కి ఆర్డర్లు తగ్గిన వారంలోనే, ముహూర్తం పెట్టినట్టు, తన సొంత ఇష్టంతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహలో ఉద్యోగం వదిలేస్తున్నానని రాసిచ్చేస్తాడు. అంతటితో ఆగుతాడా? రావలసినవన్నీ ముట్టాయంటాడు. ఇకమీదట ఏ కోర్టు గడపా తొక్కనని మాటిస్తాడు. సేఠ్‌గారి మంచితనం గురించి కూడా ఒక వాక్యం చేరుస్తాడు. ఇదంతా తనకు చదవడం రాని గుజరాతీలో, లేదా అంతకన్నా రాని ఇంగ్లీషులో. కరీంనగర్ నుంచి వచ్చిన నేతన్నకు రాత్రికి రాత్రి అంత నిక్కమైన వకీలు భాష ఎలా అబ్బిందో సరస్వతీదేవే చెప్పాలి.

సూరత్‌కు తెలుగువాళ్లు నిన్న మొన్న రాలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలీలు భివండీకి, షోలాపూర్‌కు, సూరత్‌కు తరాలుగా మరమగ్గాల వెంట వలస పోతూనే ఉన్నారు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ వీళ్ల పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. పిల్లవాడి పాఠం తెలుగులో ఉండాలని నగరానికి తోచింది. తండ్రి చేత సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో ఉండాలని మాత్రం ఇప్పటికీ ఎవరికీ తోచలేదు. తోచదు కూడా. అర్థమైతే సంతకం పెట్టడు కదా!

ఈ కాగితంలో అసలు మంత్రం ఒక్క మాటలో ఉంది: రాజీనామా. మిగతా పేజీలన్నీ ఆ మాటకు అలంకారాలే. యజమాని తీసేస్తే ఒక లెక్క, కార్మికుడు తనంతట తాను మానేస్తే ఇంకో లెక్క. పని లేక తీసేసేటట్టయితే నెల రోజుల ముందు కారణం రాసి నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పిందీ ఇదే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతున్నదీ ఇదే. కొత్త కోడ్ ఇంకో 15 రోజుల జీతాన్ని నైపుణ్య శిక్షణ నిధి కింద కార్మికుడి ఖాతాలో వేయాలని కూడా అంటోంది. రాజీనామా అని రాయించుకుంటే ఇవన్నీ ఎగిరిపోతాయి, సేఠ్ చేతులు దులుపుకుంటాడు. అందుకే ఆ కాగితంలో ‘స్వచ్ఛందంగా’ అనే మాట మూడు నాలుగుసార్లు వస్తుంది. నిజంగా ఇష్టపడి మానేసేవాడు ఒక్కసారి చెప్పి ఊరుకుంటాడు.

లెక్క వేసి చూడండి. నెలకు 15,000 రూపాయల జీతం, ఎనిమిదేళ్ల సర్వీసు అనుకుందాం. గ్రాట్యుటీకి జీతాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఏళ్లతో హెచ్చవేస్తారు. అది 69,231 రూపాయలు. తీసేసినందుకు పరిహారం 60,000. నోటీసు జీతం 15,000. శిక్షణ నిధి 7,500. మొత్తం లక్షా యాభై ఒక్క వేల పైచిలుకు. దీనికి పనిచేసిన రోజుల జీతం, ఓవర్‌టైమ్, బోనస్ అదనం. ఇప్పుడు సేఠ్ గల్లాపెట్టె తెరిచి, పెద్ద మనసు చేసుకుని, పాతిక వేలు లెక్కపెట్టి, ‘ఇంద భాయ్, ఊళ్లో పిల్లలకు బట్టలు కొను’ అంటాడు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఎవరి కళ్లలో అన్నది మాత్రం మీరే చెప్పాలి. రసీదు మీద రూపాయి రెవిన్యూ స్టాంపు అంటించి, దాని మీద వేలిముద్ర వేయిస్తారు. సేఠ్ ఖర్చులో ఆ రూపాయి ఒక్కటే పైసా ఎగవేత లేకుండా ప్రభుత్వానికి చేరేది.

మన పురాణాల్లో కార్మిక సలహాదారు ఒక్కడే ఉన్నాడు, శుక్రాచార్యుడు. వచ్చినవాడు చూడటానికి పొట్టి, అడిగింది మూడడుగులే, కానీ ధార పోయొద్దు అన్నాడు. ఆ ధారకు అడ్డుపడి కన్ను పోగొట్టుకున్నాడు. బలి చక్రవర్తి విన్నాడా? లేదు, ఆయన చక్రవర్తి, ఇచ్చిన మాట ఆయనకు ముఖ్యం. లింబాయత్‌లో ఒంటి గది అద్దెకు ఉండే నేతన్నకు ఆ రాజసం ఎక్కడిది? అయినా మూడడుగులు ఇచ్చేస్తున్నాడు. నేటి వామనుడి చేతిలో గొడుగుకు బదులు స్టాంపు ప్యాడ్ ఉంది, అంతే తేడా.

సరే, కాగితం మీద ఏం రాశారో చదవగలిగినవాడి చేత చదివించుకోగలిగాం అనుకుందాం. మొట్టమొదట చూడవలసింది డబ్బు అంకె కాదు, చేరిన తేదీ. ఎనిమిదేళ్లు పనిచేసినవాడు కాగితంలో పదకొండు నెలల క్రితమే పుడతాడు. గ్రాట్యుటీకి మామూలుగా అయిదేళ్ల సర్వీసు కావాలి మరి! కొన్నిచోట్ల ఒకే కప్పు కింద, ఒకే కరెంటు మీటరు నీడలో, నాలుగు ఫర్ముల బోర్డులు వేలాడుతుంటాయి. ఒకటి సేఠ్ పేరు, ఒకటి శేఠాణీ పేరు, మిగతావి బావమరుదులవి. పదిమంది ఉంటే గ్రాట్యుటీ, ఇరవైమంది ఉంటే ప్రావిడెంట్ ఫండ్ అని చట్టం అంకెలు చెప్పింది కాబట్టి, ఏ బోర్డు కిందా లెక్క ఆ అంకెకు చేరదు. మగ్గం కదలదు, మనిషి కదలడు, యజమాని పేరు మాత్రం ఏటేటా వలస పోతుంది. కాగితం మీద ఉన్న ఫర్మ్ పేరు, జీతం చీటీ మీద ఉన్నది, ప్రావిడెంట్ ఫండ్ పాస్‌బుక్‌లో ఉన్నది, మూడూ ఒకటేనా? ఠేకేదార్ (కాంట్రాక్టర్) పేరున రాసిన కాగితంలో మిల్లుకు కూడా విముక్తి ఇస్తున్నట్టు ఒక వాక్యం ఎక్కడో ఇరికించారా? ఠేకేదార్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. ఆ వాక్యం ఉన్నది దాన్ని చెరిపేయడానికే.

పేరు దగ్గర ఇంకో తమాషా ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అనేది మన సామెత. గుజరాత్‌లో ఆ మల్లన్న మల్లేశ్‌భాయ్ కూడా అవుతాడు. ఆధార్‌లో మల్లేశం, మిల్లు రిజిస్టరులో మల్లేశ్‌భాయ్, ప్రావిడెంట్ ఫండ్‌లో ఇంకేదో. హిసాబ్, అంటే చివరి లెక్క, అయిపోయి ఊరికి చేరాక, పేర్లు కలవలేదని క్లెయిమ్ తిరిగొస్తుంది. సవరణకు కొన్నిసార్లు పాత యజమాని ఆమోదం కావాలంటారు. పాత యజమాని ఫోన్ ఎత్తడు. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి పేరు, ప్రతి నెలా జమ అయిన మొత్తం సరిగ్గా నమోదయ్యాయో లేదో సూరత్‌లో ఉండగానే చూసుకోవాలి. జీతంలో కోసినది ఖాతాలో పడకపోతే, ‘బకాయిలేమీ లేవు’ అన్న చోట సంతకం పెట్టడం అంటే దొంగకు మనమే రసీదు ఇవ్వడం.

ఇక అంకె. నేసిన బట్ట మీటరు లెక్కన పనిచేసేవాడి గ్రాట్యుటీని చివరి మూడు నెలల సంపాదన సగటు మీద కడతారు. ఓవర్‌టైమ్ అందులో కలవదు. ఆ మూడు నెలలే దారం నాసిరకంది వచ్చిందా, బీములు తక్కువ దక్కాయా అన్నది కూడా చూసుకోవలసిన సంగతే. ఇక ఉపాడ్ ఖాతా, అంటే అడ్వాన్సుల పద్దు, ఒక మహాకావ్యం. ఎప్పుడో పెళ్లికి తీసుకున్న అడ్వాన్సు, జ్వరానికి తీసుకున్న అడ్వాన్సు, తీసుకోని అడ్వాన్సు, అన్నీ సేఠ్ చేతిరాతలో చక్కగా పద్దు పడి ఉంటాయి. ప్రతి పద్దు పక్కనా తేదీ అడగాలి, సంతకం అడగాలి. ఓవర్‌టైమ్ మాటకొస్తే, 2020 ఏప్రిల్‌లో గుజరాత్ ప్రభుత్వమే కరోనా పేరుతో పన్నెండు గంటల పనికి రెట్టింపు కూలి అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఓవర్‌టైమ్ డబ్బులు కట్టమంది. ప్రభుత్వమే అలా ఉంటే సేఠ్‌ని ఏమనాలి? ఏమీ అనక్కర్లేదు, అడగాలి. వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, మానేసినా, జీతం బాకీ రెండు పని దినాల్లో తీర్చాలి. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు. ‘వచ్చే నెల పదో తారీకుకి రా’ అనేది ఏ చట్టంలోనూ లేదు.

‘నా హక్కులన్నీ వదులుకుంటున్నాను’ అనే వాక్యం దగ్గర చాలామంది కార్మికులు భయపడి ఆగిపోతారు, సంతకం పెట్టేసినవాళ్లు ఇంక ఏమీ చేయలేమనుకుని ఊరుకుంటారు. ఆ భయమే సేఠ్ పెట్టుబడి. కోడ్ కింద రావలసిన జీతాన్నీ బోనస్‌నూ వదులుకుంటున్నట్టు ఎంత అందంగా రాయించుకున్నా ఆ రాత చెల్లదని వేతనాల కోడే చెబుతోంది. గ్రాట్యుటీ అంతే, మానేసినా తీసేసినా ఇచ్చి తీరాలి. నర్‌సింగ్ పాల్ కేసులో, తీసేసినప్పుడు ఇచ్చిన పరిహారం చెక్కును మార్చుకున్నంత మాత్రాన తొలగింపును ప్రశ్నించే హక్కు పోదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. అయితే దీన్ని చూసుకుని అన్నిటి మీదా సంతకాలు పెట్టేయకండి. 2003లో ఎ.కె.బిందల్ కేసులో అదే కోర్టు, స్వచ్ఛంద విరమణ కింద డబ్బు పుచ్చుకుని వెళ్లిపోయినవాళ్లు తర్వాత జీతాల సవరణ అడగడం కుదరదంది. చట్టం కట్టి ఇచ్చిన బాకీని కాగితం మింగలేదు. దానికి పైన బేరం ఆడి తెచ్చుకునేది, ఉద్యోగం తిరిగి ఇమ్మని అడిగే హక్కు లాంటివి మాత్రం మింగగలదు. యూనియన్ నాయకుడు కన్సిలియేషన్ అధికారి ముందు పెట్టిన సంతకమైతే సభ్యులు కానివాళ్లను కూడా కట్టేస్తుంది. కాబట్టి ఆ గదిలోకి నాయకుడు ఏ కాగితంతో వెళ్తున్నాడో ముందే కనుక్కోండి.

అన్నిటికన్నా నీచమైన కాగితం ప్రమాదం తర్వాత వస్తుంది. డైయింగ్ మిల్లుల్లో ఆవిరి, మంట, రసాయనాలు నిత్యం ఉండేవే. 2025 సెప్టెంబరులో జోల్వాలోనే ఒక మిల్లులో పేలుడు జరిగి మనుషులు పోయారు. ఆ కుటుంబాల లెక్కల గురించి నేను మాట్లాడటం లేదు. ఏ ఊళ్లోనైనా సరే, చితి ఆరకముందే దూరపు బంధువునొకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చదువురాని భార్య చేత వేలిముద్ర వేయించే పెద్దమనుషుల గురించి అంటున్నాను. మనిషి పోతే పరిహారాన్ని యజమాని అధికారి దగ్గర జమ చేయాలే తప్ప కుటుంబం చేతిలో పెడితే అది చెల్లింపు కిందే లెక్కకు రాదని 1923 నాటి పరిహార చట్టమే చెప్పింది. సామాజిక భద్రతా కోడ్ కూడా దాన్ని నిలబెట్టింది. వందేళ్లు గడిచినా పెద్దమనుషులకు ఈ సంగతి అందలేదు. వాళ్లకు పాపం తెలుగూ రాదు, గుజరాతీ చట్టం పుస్తకమూ దొరకదు.

మాదాపూర్‌లో ఏసీ గదిలో కూర్చున్న మేనల్లుడు ఇదంతా మామయ్య బాధ అనుకుంటాడేమో. నాన్నా, నీకు వచ్చేదీ ఇదే కాగితం, అక్షరాలు చక్కగా ఉంటాయి అంతే. పరస్పర అంగీకారంతో విడిపోతున్నాం అంటారు, అరగంటలో క్లిక్ చేయమంటారు, లేకపోతే రిలీవింగ్ లెటర్ రాదంటారు. పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు ఉద్యోగం వదిలాక 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద మామూలుగా నిలబడదు. మేనేజర్ అని పేరు పెట్టినంత మాత్రాన కార్మిక చట్టం కిందికి రావని అనుకోకు. కోర్టులు చూసేది పదవి పేరును కాదు, చేసే పనిని.

కాబట్టి అయ్యా, అమ్మా, కాగితం ఇస్తే ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటానని చెప్పండి. ఇవ్వం అంటే ఎందుకివ్వరో మీకు అర్థమైపోయినట్టే. ఖాళీ గీతల మీద అడ్డంగా కొట్టేయండి. సంతకం కింద తేదీ మీ చేత్తో వేయండి. డబ్బు అవసరమై తప్పక తీసుకోవలసి వస్తే, సంతకం పైన తెలుగులోనే ‘ఈ మొత్తం అభ్యంతరంతో తీసుకుంటున్నాను, మిగతా బాకీ వదులుకోలేదు’ అని రాయండి. ఫోటో తీసుకోండి. సూరత్‌లోనైనా, సిరిసిల్లలోనైనా 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవల సంస్థ మాట్లాడుతుంది. పారిశ్రామిక కార్మికులకు, ఆడవాళ్లకు వకీలును ఉచితంగా ఇవ్వాలని 1987 చట్టం చెప్పింది. ఊరికి వెళ్లడానికి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ కొనేవాళ్లు ఒక తేదీ కూడా లెక్క పెట్టుకోండి: ఉద్యోగం నుంచి తీసేయడం మీద వివాదం లేవనెత్తడానికి పాత చట్టం మూడేళ్లు ఇచ్చింది, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ రెండేళ్లే ఇస్తోంది.