నల్లకోటు మత్తు

తెనాలి కోర్టులో జూనియర్‌గా ఉన్న రోజుల్లో మా సీనియర్ గారి గుమాస్తాని నేను పెద్దగా లెక్కచేసేవాణ్ణి కాదు. ఏ కేసు ఎన్నో తారీఖుకి వాయిదా పడిందో, ఏ కట్ట ఏ బెంచ్ క్లర్కు బల్ల మీద ఆగిపోయిందో, ఏ వకాల్తాకి స్టాంపు తక్కువైందో ఆయనకి నోటికొచ్చు. అయితేనేం, నా మెడకి తెల్లబ్యాండు ఉంది, ఆయనకి లేదు. పైగా నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దాయన చేత టీ తెప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయే వెధవపనికి వేరు అక్కడే ఉంది.

పెళ్లయ్యాక అమెరికా వచ్చాను. మన ఎల్‌ఎల్‌బీ ఇక్కడ గోడకి తగిలించుకోవడానికే పనికొచ్చింది. పౌరసత్వం వచ్చాక, వయసు దాటిపోకముందే సైన్యంలో చేరదామని రిక్రూటర్ దగ్గరికి వెళ్లాను. డిగ్రీ ఉంది గనక అడుగు మెట్టు నుంచి కాకుండా ఇ-4 ర్యాంకులో తీసుకుంటామన్నాడు. ఉద్యోగాల జాబితాలో ‘27డి, పారాలీగల్ స్పెషలిస్ట్’ కనబడగానే మిగతావేవీ చదవలేదు. అతను అబద్ధమేం చెప్పలేదు పాపం. నా లెక్కే వేరు. మన కలెక్టరాఫీసులో జూనియర్ అసిస్టెంటు సీనియర్ అసిస్టెంటై, డిప్యూటీ తహసీల్దారై, కాలం కలిసొస్తే డిప్యూటీ కలెక్టరు కూడా అయినట్టు, పారాలీగల్‌గా దూరితే నాలుగు ప్రమోషన్ల తర్వాత మిలట్రీ లాయర్నై తేలతానని నా ధీమా. లోపల ఒక లా డిగ్రీ సిద్ధంగా ఉందాయె!

అక్కడ ఆ దారే లేదు. సైన్యంలో లాయర్ని జడ్జ్ అడ్వొకేట్ అంటారు. అతను అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న లా స్కూల్లో చదివి, ఏదో ఒక రాష్ట్రపు బార్‌లో లైసెన్సు తెచ్చుకుని, నేరుగా ఆఫీసరుగా వస్తాడు. పారాలీగల్ స్పెషలిస్టు నుంచి సార్జెంటు, స్టాఫ్ సార్జెంటు అవుతూ ఇ-9, అంటే సార్జెంట్ మేజర్ దాకా ఎదగొచ్చు. అప్పటికి పెద్ద లీగల్ ఆఫీసులో పారాలీగల్స్ అందరికీ పెద్దదిక్కు. లాయరు మాత్రం కాడు. ఇదంతా ఏ కరపత్రం తిరగేసినా దొరుకుతుంది. నేను తిరగెయ్యలేదు. ఫోర్ట్ లీలో శిక్షణ అయ్యాక యూనిఫాంలో జెండా పక్కన ఫొటో దిగి నాన్నకి పంపాను. “మావాడు అమెరికా మిలట్రీలో వకీలు” అని ఆయన ఊరంతా చెప్పారు. దిద్దలేదు.

నన్ను వేసిన బెటాలియన్లో లాయరు లేడు. ఆయన కూర్చునేది పైనున్న బ్రిగేడ్‌లో. కింద బల్ల దగ్గర ఉండేది పారాలీగల్. కమాండర్లు వచ్చి అడిగేదీ, కాయితం పట్టుకుని కుర్రాళ్లు వచ్చి నిలబడేదీ అతని ముందే. బుర్ర సరిగ్గా ఉన్నవాడికి కూడా కాస్త మత్తెక్కించే చోటది. నాకైతే నల్లకోటు తిరిగి ఒంటిమీదకి వచ్చినట్టే ఉండేది.

మా చేతుల మీదుగా ఎక్కువగా నడిచేవి ఆర్టికల్ 15 కాయితాలు. 1951 నుంచి అమల్లో ఉన్న సైనిక న్యాయస్మృతిలో అదొక సెక్షను. చిన్నచిన్న తప్పులకి కోర్టుతో పని లేకుండా కమాండరే విచారించి శిక్ష వెయ్యొచ్చు. కంపెనీ కమాండరు స్థాయిలోనే 14 రోజుల అదనపు చాకిరీ, ఏడు రోజుల జీతం కోత, కింది ర్యాంకుల వాళ్లకైతే ఒక మెట్టు దించడం దాకా పోవచ్చు. సైనికుడికి ఇష్టం లేకపోతే ఇది వద్దు, కోర్టు మార్షలే పెట్టండి అనొచ్చు. ఆలోచించుకోవడానికి మామూలుగా 48 గంటలిస్తారు. ఈలోగా ట్రయల్ డిఫెన్స్ సర్వీసులో లాయర్ని ఉచితంగా కలవొచ్చు. ఆ డిఫెన్సు లాయర్లు మా కమాండరు కింద పనిచెయ్యరు, కావాలనే విడిగా ఉంచారు.

డాలస్‌లో పెరిగిన ఒక తెలుగు కుర్రాడు సెలవు ముగిసిన మర్నాడు సాయంత్రానికి గాని చేరలేదు. అతని మీద ఆర్టికల్ 15కి వాడే 2627 ఫారం టైపు చేసింది నేనే. రెండ్రోజుల గడువులో నా బల్ల దగ్గరికొచ్చి తెలుగులో గొంతు తగ్గించి అడిగాడు.

“అన్నా, ఇక్కడ సంతకం పెడితే ఏమవుద్ది?”

‘నన్నడక్కు, డిఫెన్సు లాయర్ని అడుగు’ అనాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే బుర్రకెక్కించిన ముక్క అది: లాయర్ కానివాడు న్యాయసలహా ఇవ్వకూడదు. కానీ ‘అన్నా’ అన్నాడు కదా, కరిగిపోయాను.

“ఒప్పేసుకో తమ్ముడూ. ఒప్పుకుంటే తక్కువతో పోద్ది. కోర్టు మార్షల్ అడిగావంటే చిన్నదాన్ని పెద్దది చేసుకున్నట్టే.”

తెనాలిలో పెట్టీ కేసుల వాళ్లకి చెప్పే మాట ఇదే. జడ్జి గారు అడిగితే తప్పయిందండి అను, ఫైను కట్టి బయటపడదాం అని. ఇక్కడ ఆ సంతకానికి అర్థమే వేరు. విచారణ కమాండరు ముందే జరగనివ్వండి అని మాత్రమే. తప్పు ఒప్పుకున్నట్టు కాదు. సంతకం పెట్టి కూడా నేను తప్పు చెయ్యలేదని వాదించుకోవచ్చు, సాక్ష్యం చూపించుకోవచ్చు, సందేహానికి తావులేకుండా నమ్మకం కుదిరితే తప్ప కమాండరు శిక్ష వెయ్యకూడదు. అంటే లాయర్ని కాకపోయినా సలహా ఇచ్చాను, అదీ తప్పు సలహా, అదీ అవతలి పక్షం బల్ల మీద కూర్చుని.

పట్టుబడిన తీరు ఇంకా బాగుంది. ఆ కుర్రాడు మా స్టాఫ్ సార్జెంటు దగ్గరికెళ్లి, లాయరు చెప్పాడు, ఒప్పుకుని సంతకం పెడతానన్నాడట. ఏ లాయరని ఆవిడ అడిగింది. అతను నావైపు వేలు చూపించాడు.

ఆవిడ అరవలేదు. “నీకు లా తెలుసని నాకూ తెలుసు. అందుకే నీతో భయం” అంది. బ్రిగేడ్ లాయరుకి కబురెళ్లింది. కుర్రాణ్ణి డిఫెన్సు లాయరు దగ్గరికి పంపి, గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు. నాకు 4856 ఫారం మీద రాతపూర్వకంగా మందలింపు. దాని చివర సైనికుడు తన మాట రాసుకోవడానికి కాస్త చోటుంటుంది. నేనేం చేశానంటారా? తెనాలి బాణీలో పేరాల వారీగా కౌంటరు దాఖలు చేశాను. ఒక నిండు పేజీ! ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివి, “ఇందులో తేదీ తప్పు” అని నా ముందుకి తోసింది.

నిజంగానే తప్పు.

కుర్రాడు ఆ లాయరు మాట విని సంతకం పెట్టాడు. ఒప్పుకోవడానికి కాదు, వాదించుకోవడానికి. విమానం రద్దయిన కాయితాలు, అక్కణ్ణుంచి యూనిట్‌కి ఫోన్ చేసిన రుజువు చూపించాడు. కంపెనీ కమాండరు ఫారం కొట్టేశాడు. నేను చెప్పినట్టు నడిచుంటే ఆ కాయితాలు అతని బ్యాగులోనే ఉండిపోయేవి.

ఆ తర్వాతే ఆవిడ పనిని శ్రద్ధగా చూడడం మొదలెట్టాను. కోర్టు మార్షల్‌కి వేసే 458 ఛార్జిషీటులో నాలుగో భాగంలో ఒక చిన్న గడి ఉంటుంది. ప్రమాణం చేసిన అభియోగాలు సంబంధిత కమాండుకి ఏ తేదీన, ఎన్ని గంటలకి ముట్టాయో అందులో వెయ్యాలి. చాలా నేరాలకి కాలపరిమితి అయిదేళ్లు. ఆ గడువు పరుగు ఆగేది అలా ముట్టినప్పుడే, దానికి ఆధారం ఆ గడి. లాయర్లు వాదన మీద ఉంటారు. ఆ గడి నిండిందా లేదా అని చూసేది పారాలీగల్.

ఇందులో ముందుకెళ్లాలంటే దారులు లేకపోలేదు. షార్లట్స్‌విల్‌లోని సైనిక లా స్కూల్లో కోర్టు రిపోర్టరు కోర్సు చెయ్యొచ్చు. మూతికి మాస్కులాంటి మైకు బిగించుకుని, కోర్టులో ఎవరేమన్నా, సాక్షి ఏడ్చి చెప్పినా సరే, పక్కవాడికి వినబడకుండా అదే మాట అందులోకి తిరిగి పలుకుతూ ఉండాలి. లేదా వారంట్ ఆఫీసరై లీగల్ ఆఫీసు పాలన చూడొచ్చు. ఇ-5 నుంచి ఇ-7 దాకా ఉండి, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల సర్వీసున్న వాళ్లని సైన్యమే లా స్కూలుకి పంపే పథకం కూడా ఉంది. ఒక్కో సైనిక విభాగం నుంచి ఏటా 25 మందికి మించి పంపరాదని చట్టం. చదివిన ఏడాదికి రెండేళ్ల చొప్పున తిరిగి సేవ చెయ్యాలి. నేను వారంట్ ఆఫీసరుకి దరఖాస్తు పెట్టుకున్నాను. సిఫార్సు ఉత్తరం రాసింది ఆ స్టాఫ్ సార్జెంటే.

మొన్న నాన్నకి ఫోన్లో అసలు సంగతి చెప్పేశాను.

“అయితే ఆ పై మెట్టెక్కితే వకీలువేగా?”

“కాదు నాన్నా. చివరి మెట్టెక్కినా కాదు.”

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, “సరేలే. మీ చెల్లి అత్తారికి మాత్రం వకీలనే చెప్పాం. నువ్విప్పుడు మార్చకు” అన్నారు.