అటక దిగిన ఎన్‌లార్జర్

నేను ఫోటో తీయను. తీసిన ఫోటోను పెద్దది చేస్తాను. కెమెరాలో వెలుగు బయటినుంచి లోపలికి వెళ్తుంది, నాలో లోపలినుంచి బయటికి వస్తుంది. తలలో బల్బు, దాని కింద రెండు లావుపాటి కండెన్సర్ అద్దాలు, ఆ కింద నెగటివ్ పెట్టే చోటు, తర్వాత బెల్లోస్, చివరన లెన్స్. ఈ బరువంతా ఒక ఇనుప స్తంభాన్ని పట్టుకుని పైకీ కిందికీ జరుగుతుంది. అడుగున చెక్కపలక, దాని మీద కాగితం. తల ఎంత పైకి పోతే బొమ్మ అంత పెద్దదవుతుంది, అంత మసకబారుతుంది కూడా. లెన్స్‌కూ కాగితానికీ మధ్య దూరం రెట్టింపైతే కాగితం మీద పడే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. ఆ లెక్క చూసుకునే ఎక్స్‌పోజర్ పెంచుతారు.

నాది చెకోస్లోవేకియా. ప్రెరోవ్ పట్టణంలోని మియోప్టా ఫ్యాక్టరీలో పుట్టాను, మోడల్ పేరు ఓపెమస్. మా వంశంలో పెద్దలు కరెంటు ఎరగరు. 1857లో అమెరికాలో డేవిడ్ వుడ్‌వర్డ్ అనే చిత్రకారుడు ఎండతో పనిచేసే ఎన్‌లార్జర్‌కు పేటెంటు తీసుకున్నాడు. అది సూర్యుడు ఎటు తిరిగితే అటు తిరగాల్సిందే. మా గిరాకీ పెరిగింది మాత్రం 1925లో లైకా కెమెరా బజారుకు వచ్చాకే. 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 పొడవు ఉన్న ఆ చిన్న నెగటివ్‌ను ఉన్నదున్నట్టు అచ్చువేస్తే మనిషి ముఖం ఆనవాలు పట్టలేం. చిన్న నెగటివ్ వచ్చాక పెద్దది చేసే యంత్రం లేకుండా గడవదు కదా.

ఓడెక్కి నేను చేరింది కాకినాడలో ఒక ఫోటో స్టూడియోకి. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు, అన్నీ నా కింద నుంచే వెళ్లాయి. వాటిలో నేను మరిచిపోలేని పని ఒకటుంది. ఊళ్ల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. ఇంట్లో పెద్దాయన పోయాడు, దండ వేయడానికి ఫోటో లేదు. ఎప్పుడో మేనకోడలి పెళ్లిలో మా స్టూడియోవాళ్లే తీసిన గ్రూపు ఫోటోలో వెనక వరసన నిలబడ్డాడు, అదొక్కటే ఆధారం. "ఆ ఒక్క ముఖం పెద్దది చేసి ఇవ్వండి బాబూ" అనేవారు. నెగటివ్‌లో ఆ ముఖం బియ్యపు గింజంత. మా యజమాని నా తలను స్తంభం చివరికంటా ఎత్తి, లెన్స్ కింద ఎర్ర ఫిల్టర్ అడ్డం పెట్టి, కాగితం సర్ది, ఊపిరి బిగబట్టి ఫిల్టర్ తప్పించేవాడు. తలపాగా నీడలో కళ్లు నల్లగా పోతాయని తీగకు గుచ్చిన చిన్న అట్టబిళ్లను వెలుగులో ఆడిస్తూ ఉండేవాడు. అట్ట అడ్డం పడినచోట కాగితానికి వెలుగు తగ్గి కళ్లు తేలతాయి. డెవలపర్ ట్రేలో ముందు మీసం, తర్వాత కనుబొమలు, ఆఖరుకు చూపు. కోనసీమ ఇళ్ల గోడల మీద అలా నేను నిలబెట్టిన ముఖాలు ఇప్పటికీ ఉన్నాయి. అందుకు నాకు గర్వమే.

కలర్ ల్యాబులు వచ్చాయి, ఆ వెనకే డిజిటల్ వచ్చింది. స్టూడియో మూతపడి నేను యజమాని ఇంటి అటక ఎక్కాను. సముద్రపు ఉప్పుగాలి, చీకటి, తేమ పట్టే గోనెసంచి. మా జాతికి ఇంతకు మించిన శత్రువులు లేరు.

నన్ను కిందికి దింపింది ఆయన మనవరాలు. ప్లగ్గు పెట్టబోతుంటే తాతయ్య ఆపాడు. "ఆగు అమ్మలూ, ముందు వైరు చూడు." వంచగానే పైతొడుగు పెళుసుగా విరిగి రాగి బయటపడింది. తడి చేతులతో, చీకట్లో ముట్టుకునే ఇనుప వస్తువును నేను. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు తీగల వైరు వేయించి, ఎర్త్‌ను నా ఒంటికి కలిపించారు. పాత ఎన్‌లార్జర్‌కు ఎవరైనా మొదట చేయాల్సిన మరమ్మతు ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

బల్బు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. నాకు పాలరంగు గాజు బల్బు కావాలి, బొమ్మవైపు చూసే దాని నెత్తిన కంపెనీ ముద్ర ఉండకూడదు. ఉంటే ఆ అక్షరాల నీడ ఫోటో మీదికి దిగవచ్చు. ఎల్ఈడీ పెడితే వేడి తగ్గుతుంది, నెగటివ్ వేడికి ఉబ్బి ఫోకస్ తప్పే బాధ ఉండదు. అయితే కొన్ని ఎల్ఈడీలు స్విచ్ కట్టేశాక కూడా సన్నగా వెలుగుతూనే ఉంటాయి. కాగితానికి ఆ వెలుగు చాలు పాడవడానికి. చీకటిగదిలో కాసేపు నిలబడి, కళ్లు అలవాటు పడ్డాక చూస్తేనే అది తెలుస్తుంది.

కండెన్సర్లను తువ్వాలు పరిచి దాని మీద విప్పారు. ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు ఉన్న అద్దాలవి. ఉబ్బులు రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్లలో కడిగి, పాత నూలుబట్టతో తుడిచారు. తిరిగి బిగించేటప్పుడు పిల్ల గట్టిగా తిప్పబోతే "అంత వద్దు, వేడికి అద్దం సాగుతుంది, కాస్త వదులుండాలి" అన్నాడు తాతయ్య. నిజమే, బిగదీసిన కండెన్సర్ వేడికి పగలవచ్చు.

లెన్స్ సంగతి చెప్పడానికి మనసొప్పదు. టార్చి వేసి చూస్తే లోపలి అద్దం మీద సాలెపోగుల్లా బూజు. ముందు రింగును రబ్బరు బిరడాతో ఒత్తి తిప్పి, ఏ అద్దం ఎటు తిరిగి ఉందో అంచున పెన్సిల్‌తో గుర్తు పెట్టి విప్పారు. దుమ్ము ఊదాకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన లెన్స్ టిష్యూతో మధ్యనుంచి అంచులకు తుడిచారు. పోగులు పోయాయి. కోటింగును అప్పటికే తినేసిన చోట మాత్రం సన్నటి మచ్చ మిగిలింది, అది ఇక పోదు. కాంట్రాస్టు ఇసుమంత తగ్గినా నాకు పని సాగుతోంది.

స్తంభానికి నూనె పూయలేదు, మంచి పని చేశారు. నూనెకు దుమ్ము పట్టి తల జారుతుంది. పొడిబట్టతో తుడిస్తే చాలు.

ఇక అసలైన పరీక్ష. నెగటివ్, లెన్స్, పలక మూడూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వెలుగు తగిలి నల్లబడ్డ ఫిల్మ్ ముక్క మీద సూదితో గళ్లు గీసి నాలో పెట్టారు. లెన్స్ పూర్తిగా తెరిచి, మధ్యలో ఫోకస్ చేసి, భూతద్దంతో మూలలు చూశారు. ఎడమ మూల గీత మసకగా ఉంది. లెన్స్ పలక వెనక పాత కేలండరు అట్ట సన్నగా కత్తిరించి దూర్చారు. మళ్లీ చూశారు, అట్ట కొంచెం తగ్గించారు, మళ్లీ చూశారు. నాలుగు మూలలూ సూదిమొనంత పదునుకు వచ్చేసరికి సాయంత్రమైంది. వేల రూపాయల లెన్స్ కొని ఈ పని చేయనివాళ్ల ఫోటో ఒక పక్క మసకగానే వస్తుంది.

బాత్‌రూమే డార్క్‌రూమ్ అయింది. ఎర్ర బల్బు నమ్మదగిందో కాదో తేల్చడానికి దాని కింద కాగితం మీద రూపాయి బిళ్ల పెట్టి ఐదు నిమిషాలు ఉంచారు. డెవలప్ చేశాక బిళ్ల గుండ్రం కనబడితే ఆ బల్బు పనికిరాదు. కనబడలేదు. కాకినాడ ఎండలకు డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండదు కాబట్టి ఐసు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో కట్టి ట్రేలో తేలేశారు. ఒకప్పుడు ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు కాగితం వాడేవాళ్లం. ఇప్పుడది రాదు, విదేశీ కాగితం తెప్పించారు, ఖరీదెక్కువ. అందుకే ముందు చిన్న ముక్క మీద టెస్ట్ స్ట్రిప్ తీసి చూసుకుంటున్నారు.

మొదటగా పెద్దది చేసింది నాయనమ్మ ఫోటో. మధ్యలో ఒక తెల్ల చుక్క పడింది. నెగటివ్ మీద దుమ్ము కణం వెలుగును ఆపిన చోటు అది. దాన్ని పూడ్చడానికి తాతయ్య సన్న కుంచె అందుకున్నాడు.

మీ ఇళ్లలో, మూతపడ్డ స్టూడియోల్లో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. మమ్మల్ని ఇనుము కింద తూకానికి వేయకండి. ఈ రోజే లెన్స్ విప్పి, గాలాడే పొడిచోటికి మార్చండి. గోనెసంచి తీసేసి నూలుబట్ట కప్పండి. నెగటివ్‌ల డబ్బా ఎక్కడుందో వెతికి, అందులో ఎవరెవరున్నారో పెద్దవాళ్లను అడిగి కవర్ల మీద పేర్లు రాసి పెట్టుకోండి. పేరు చెప్పగలిగినవాళ్లు ఉండగానే ఆ పని చేయండి.