అంట్లు తోమే యంత్రం ఆత్మకథ

హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంటు వంటింట్లో, సింకు పక్కన గట్టు కింద నా చోటు. అంట్లు తోమడం నా పని. నన్ను డిష్‌వాషర్ అంటారు.

మా వంశం మొదలైంది అమెరికాలో. 1850లో జోయెల్ హౌటన్ అనే ఆయన చేత్తో తిప్పే చెక్క యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది నీళ్లు చిలకరించేదే గానీ జిడ్డు వదిలించేది కాదు. మాకు అసలు తల్లి జోసెఫిన్ కాక్రన్. ఇల్లినాయ్ రాష్ట్రంలోని షెల్బీవిల్ ఆమె ఊరు. 1883లో భర్త పోయి, అప్పులు మీద పడ్డా ఆమె పట్టు వదల్లేదు. జార్జ్ బటర్స్ అనే మెకానిక్ సాయంతో యంత్రం తయారుచేసి, 1886 డిసెంబర్ 28న పేటెంటు పొందింది. పళ్లేల కొలతలు తీసి, వాటికి సరిపడా తీగ అరలు కట్టి, బ్రష్షుతో కాకుండా నీటి జోరుతోనే కడగాలన్నది ఆమె ఆలోచన. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ యంత్రాలు పనిచేశాయి. నాలోని అరలూ నీటి జోరూ ఆ తల్లి ఇచ్చిన ఆస్తే.

2020 లాక్‌డౌన్‌లో పనమ్మాయి రాలేని రోజుల్లో నేను ఈ ఇంటికి వచ్చాను. కుళాయి నీళ్లు వాల్వు దాటి నాలోకి వస్తాయి. నీటి కాఠిన్యాన్ని తీసే రెజిన్ పూసల గుండా సాగి అడుగుకు చేరతాయి. అక్కడ వేడెక్కుతాయి. పంపు వాటిని కిందా పైనా ఉన్న రెక్కల్లోకి తోస్తుంది. ఆ రెక్కలకు వేరే మోటారు లేదు. సన్నటి రంధ్రాల్లోంచి చిమ్మే నీటి విసురుకే దీపావళి భూచక్రంలా తిరుగుతాయి. జారిన నీళ్లు ఫిల్టరులో వడగట్టుకుని మళ్లీ పైకి వెళ్తాయి. అందుకే ఒక విడతకు 10 లీటర్లు అటూ ఇటూగా సరిపోతాయి. చివర్లో ఇంకో పంపు మురికినీటిని బయటికి పంపుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా నేను మంచాన పడ్డట్టే.

ఓ పండగ రాత్రి అదే జరిగింది. పులిహోర గిన్నెలూ సాంబారు గిన్నెలూ సర్దారు. సగంలో ఆగిపోయాను. అడుగున మురికినీళ్లు నిలిచిపోయాయి.

“చేత్తో తోముకుంటే ఈపాటికి అయిపోయేది కదమ్మా” అన్నారు పెద్దావిడ.

“ఉండండి అత్తయ్యా, నీళ్లెక్కడ ఆగాయో ముందు చూద్దాం” అంది కోడలు.

ఆమె ముందు ప్లగ్గు పీకింది, కుళాయి కట్టేసింది. కింది అర బయటికి తీసి, నిలిచిన నీళ్లు గ్లాసుతో తోడేసింది. ఫిల్టరును తిప్పి పైకి లాగితే మెతుకులూ కరివేపాకూ ఆవాలూ ముద్దకట్టి ఉన్నాయి. పాత టూత్‌బ్రష్షుతో రుద్ది కడిగింది. గాజుముక్కలు ఉంటాయేమోనని చెయ్యి నేరుగా పెట్టకుండా టార్చి వేసి చూసింది. పంపు మూత తీస్తే లోపలి రెక్కలో చింతగింజ ఇరుక్కుని ఉంది. అది తీయగానే రెక్క తేలిగ్గా తిరిగింది. వెనక మడతపడిన డ్రెయిన్ పైపును కూడా సరిచేసింది. ప్లగ్గు పెట్టి నడిపితే నీళ్లు గలగలా వెళ్లిపోయాయి. పాడైన భాగం ఒక్కటీ లేదు!

గాజు గ్లాసుల మీద తెల్లటి పొర వచ్చినా నన్నే అనుమానిస్తారు. అది బోరునీటిలోని కాల్షియం, మెగ్నీషియం చేసే పని. రెజిన్ పూసలు వాటిని పట్టుకోవాలంటే నా ఉప్పు డబ్బా నిండుగా ఉండాలి. వంటింటి మెత్తని ఉప్పు వద్దు. గడ్డకట్టకుండా అందులో కలిపేవి పూసలకు అడ్డుపడతాయి. డిష్‌వాషర్ ఉప్పే పోసి, వెంటనే ఓ విడత నడపండి. ఒలికిన ఉప్పు లోపలి స్టీలుకు మచ్చ తెస్తుంది.

చేత్తో తోమే లిక్విడ్ సబ్బు నాలో పోస్తే నురుగు పొంగి అడుగు పళ్లెంలోకి దిగుతుంది. అక్కడి ఫ్లోట్ పైకి లేచి, నీళ్లు కారుతున్నాయని నన్ను ఆపేస్తుంది. అది జబ్బు కాదు, కాపలా. నాకు వేసే డిటర్జెంటులో పిండినీ ప్రొటీన్‌నీ విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి. గిన్నెలు ముందే కడిగి పెట్టాల్సిన పని లేదు. గింజలూ ఎముకలూ కరివేపాకూ చెత్తబుట్టలోకి దులిపితే చాలు.

కాలిన వాసన వచ్చినా, ఎంసీబీ పడిపోతున్నా మాత్రం సొంత వైద్యం వద్దు. తెర మీద కనిపించిన కోడ్ రాసిపెట్టి మెకానిక్‌ను పిలవండి.

మిగతా వాటికి భయపడకండి. వారానికోసారి ఫిల్టరు కడగండి, రెక్కల రంధ్రాలు టూత్‌పిక్‌తో శుభ్రం చేయండి, ఉప్పు తరగనివ్వకండి. నేను ఆగినప్పుడు పనికిరానని తేల్చేముందు, నీళ్లు వచ్చే దారీ పోయే దారీ ఒక్కసారి చూడండి.