వచ్చేటప్పుడు చూద్దాం

"వచ్చేటప్పుడు చూద్దాంలే." కారు నడిపేటప్పుడు మా బావగారి నోట ఇదే మాట. విశాఖ నుంచి తిరిగొచ్చి రోజులు గడుస్తున్నా నా చెవుల్లో ఇంకా రొద పెడుతూనే ఉంది.

మరదలి గృహప్రవేశానికి హైదరాబాదు నుంచి కారులో బయల్దేరాం. ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు దారి. బావగారు ఎక్సెల్ షీటు తయారుచేశారు. పిల్లలమర్రిలో కాకతీయుల కాలం నాటి గుళ్ళకి ముప్పావుగంట, కొండపల్లి కోటకి గంట, ఉండవల్లి గుహలకి గంటన్నర, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ. ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ దండాల బొమ్మలు పెట్టారు. ఆ షీటులో బాత్రూముకి గడి లేదు. ప్రయాణమంతా ఆగింది దానికే.

సూర్యాపేటలో ఇడ్లీ వచ్చేసరికే పిల్లలమర్రి ముప్పావుగంట చట్నీలో కలిసిపోయింది. కొండపల్లి మలుపు దాటాక పిల్లలు "బొమ్మలు! బొమ్మలు!" అని అరిచారు. హైవే మీద మనం చూడాలనుకున్న ఊరు గుర్తొచ్చేది దాటాకే, యూటర్న్ ఉండేది ఎక్కడో ముందు. ఇక ఉండవల్లి. "నాలుగంతస్తుల కొండలో అనంతపద్మనాభుడు హాయిగా పడుకునే ఉన్నాడు, ఎక్కడికీ పోడు. వచ్చేటప్పుడు చూద్దాం" అన్నారు బావగారు.

కడియంలో మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు. కడియపులంకలో రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. ఐదు నిమిషాలని దిగిన మా ఆవిడ గృహప్రవేశానికి మామిడి అంటు కొంటానంది. ఫ్లాటులో మామిడేమిటే అంటే, బాల్కనీ ఉందిగా అంది. "రెండేళ్ళకి కాపొచ్చేత్తదండీ" అన్నాడు నర్సరీ కుర్రాడు, నా వంక జాలిగా చూస్తూ. డిక్కీ నిండా సారె సామాను. అందుకని మా చిన్నాణ్ణి నా ఒళ్ళోకి తోసి, మొక్కని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, సీటుబెల్టు పెట్టారు. ఏసీ తగిలితే చిగురు మాడుతుందని ఆ వైపు గాలి మూశారు. ఎండకి వాడుతుందని నా తువ్వాలు కిటికీకి కట్టారు. కాసేపటికి ఊపిరాడదేమోనని తువ్వాలు తీసి అద్దం దించారు. కారంతా వడగాలి. అన్నవరం కొండ కింద మేం ప్రసాదం పొట్లాలు విప్పుతుంటే దానికి మినరల్ వాటర్ పోశారు. నాకూ దాహమేస్తోందంటే "తునిలో తాగుదురుగాని లెండి" అంది మా ఆవిడ. కొండ మీది సత్యదేవుణ్ణి కూడా వచ్చేటప్పుడే చూడాలిట. తుని దాటాక ఓ కుదుపుకి మట్టి నా ప్యాంటు మీద పడింది. ప్యాంటు గురించి ఎవరూ అడగలేదు. "వేళ్ళు బయటపడతాయి, ఎత్తి మళ్ళీ వేయండి" అన్నారు. పిల్లాడు నా మొహానికి అడ్డం. ఆ పూట తూర్పు తీరాన్ని తీరిగ్గా చూసింది ఆ మొక్కొక్కటే. బొజ్జన్నకొండ దాటుతుంటే అది అటు వంగింది కూడా.

తీరా ఇంటికి చేరాక మా మరదలు "అయ్యో బావగారూ, బాల్కనీలో వాషింగ్ మెషీన్ పెట్టించాం కదా!" అంది. మొక్క మాతోనే తిరుగుప్రయాణం కట్టింది. మళ్ళీ కిటికీ సీటే.

ఇదంతా చెప్పుకుని నవ్వుకోవచ్చు. నాకు మింగుడుపడనిది కడియానికి ముందే జరిగింది. సిద్ధాంతం వంతెన మీదికి ఎక్కగానే మా అత్తగారు గోదావరిలో వేయడానికి రూపాయి బిళ్ళ కోసం పర్సు తెరిచారు. జిప్పు తీసి, మందుల చీటీలు పక్కకి నెట్టి, బిళ్ళ దొరికేసరికి వంతెన అయిపోయింది. రావులపాలెం దాటాక ఇంకో పాయ వస్తుందంటే బిళ్ళని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు. జొన్నాడ వంతెన మీద వెనక లారీ ఒకటే హారను. "వచ్చేటప్పుడు వేద్దువుగానిలే అమ్మా" అన్నారు బావగారు. వెనకటి ఎర్రబస్సుల్లో డ్రైవరు వంతెన మీద నెమ్మదించేవాడనీ, బస్సంతా లేచి దండం పెట్టేదనీ ఆవిడ ఏదో చెప్పబోయారు. అప్పటికి మేం అవతలి ఒడ్డున ఉన్నాం.

వచ్చేటప్పుడు అర్ధరాత్రి రెండు. ఆవిడ నిద్రలో ఉన్నారు. తెల్లారి కోదాడలో టీ తాగుతూ, "2027లో పుష్కరాలున్నాయిగా, అప్పుడు వేస్తాలే" అన్నారు. కొడుక్కి ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది. కాని ఆవిడకి డెబ్బై తొమ్మిదేళ్ళు. నాకు నవ్వు రాలేదు.

బావగారు నిన్న అరకు షీటు పంపారు. బొర్రా గుహలకి రెండు గంటలట. నేనింకా దండం బొమ్మ పెట్టలేదు. ఈ దారిలో కార్లు నడిపే బావగార్లందరికీ ఒక మనవి: వంతెన మీద ఆపకూడదు, నిజమే. దాటాక రేవుకి దారి ఉంటుంది. వెళ్ళేటప్పుడే దిగండి.